సగటు చాటున దాగిన ఆలస్యం

సరకుల రవాణాకు మన దేశంలో అవుతున్న వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 13, 14 శాతం దాకా ఉంటుందని ఏళ్ళ తరబడి పాలకులు, పారిశ్రామికవేత్తలు వల్లిస్తూ వచ్చారు. ఎట్టకేలకు జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధనా మండలి పద్ధతి ప్రకారం లెక్కకట్టి, 2025 సెప్టెంబరులో వెలువడిన నివేదికలో ఆ వ్యయాన్ని 2023-24 సంవత్సరానికి 7.97 శాతంగా తేల్చింది. అన్నేళ్ళు అందరి నోటా నానిన అంకె, తీరా కొలిచి చూస్తే దాదాపు సగానికి తగ్గింది! కొలవకుండా చెప్పే మాటకూ, కొలిచి చెప్పే మాటకూ ఎంతటి అంతరం ఉంటుందో గ్రహించడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు. 2022 సెప్టెంబరు 17న ప్రకటించిన జాతీయ లాజిస్టిక్స్ విధానానికి ఇప్పటికైనా ఒక స్పష్టమైన లెక్క తోడు దొరకడం హర్షణీయం.

అయితే, సరకు పంపే వ్యాపారి, దానికోసం ఎదురుచూసే వినియోగదారుడు అడిగే ప్రశ్నలు రెండు. రవాణాకు ఎంత ఖర్చవుతుందన్నది మొదటిది. చెప్పిన రోజుకు సరకు చేరుతుందా అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానం వెదికిన యంత్రాంగం, రెండవ ప్రశ్న జోలికి అంత శ్రద్ధగా పోయిన దాఖలా కనబడదు. రవాణా సాధనాల వేగం పెరిగిందని, ప్రయాణ కాలం సగటున ఇంత తగ్గిందని ప్రకటనలు మాత్రం తరచుగా వెలువడుతున్నాయి. వేగం వేరు, నమ్మకం వేరు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టడంవల్ల జరుగుతున్న నష్టం ప్రజల దృష్టికి రావలసినంతగా రావడం లేదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక పట్టణంలోని వ్యాపారి రోజుకు 20 బస్తాల సరకు అమ్ముతాడనుకుందాం. అతనికి సరకు తెచ్చే లారీ సర్వీసులు రెండున్నాయి. మొదటిది ఎప్పుడూ సరిగ్గా అయిదో రోజున తెస్తుంది. రెండవదానికి అప్పగించిన ప్రతి పది లోడ్లలో ఆరు మూడు రోజులకు, రెండు నాలుగు రోజులకు, ఒకటి ఆరు రోజులకు, మిగిలిన ఒకటి పది రోజులకు చేరతాయి. సగటు తీస్తే రెండవ సర్వీసుకు పట్టే కాలం 4.2 రోజులు మాత్రమే. కాగితం మీద అదే మేలైనది. కానీ వ్యాపారి దృష్టిలో పరిస్థితి తారుమారు. మొదటి సర్వీసును నమ్ముకుంటే కొట్టులో 100 బస్తాలు మిగిలి ఉండగా కబురు పంపితే సరిపోతుంది. రెండవదాన్ని నమ్ముకుంటే, ఆ పది రోజుల ఆలస్యం ఏ లోడుకు దాపురిస్తుందో తెలియదు గనుక 200 బస్తాలు ఉండగానే పంపాలి. కొత్త సరకు దిగేసరికి సగటున 116 బస్తాలు గిడ్డంగిలో కదలకుండా పడి ఉంటాయి. బస్తా వెల 1,500 రూపాయలనుకుంటే 1,74,000 రూపాయల పెట్టుబడి అలా ఇరుక్కుపోతుంది. నూటికి 12 వంతున వడ్డీ వేసినా ఏడాదికి దాదాపు 21 వేల రూపాయలు. గిడ్డంగి అద్దె, తరుగు దీనికి అదనం.

ఈ సొమ్ము ఏ రవాణా బిల్లులోనూ కనిపించదు. వ్యాపారి దాన్ని సరకు ధరలో కలుపుకుంటాడు, లేదా తన లాభంలో కోత పెట్టుకుంటాడు. పెద్ద కంపెనీ అయితే ఊరూరా గిడ్డంగులు కట్టుకుని తట్టుకోగలదు. చిన్న వ్యాపారికి, చిన్న పరిశ్రమకు ఆ స్తోమత ఎక్కడిది? ఒక్క విడిభాగం సకాలంలో రాకపోతే యంత్రం ఆగిపోతుంది, కూలీలకు పని తప్పుతుంది. ఇక పాడైపోయే సరకుల సంగతి చెప్పనక్కరలేదు. నూజివీడు మామిడికి, భీమవరం ప్రాంతపు చేపలకు ఒకరోజు ఆలస్యమంటే ధర పడిపోవడం, రెండు రోజుల ఆలస్యమంటే ఒక్కోసారి సరకునే పారబోయడం. గుంటూరు మిర్చి ఎగుమతిదారుకు ఓడ ఎక్కించే గడువు దాటిపోతే మరో ఓడ కోసం పడిగాపులు తప్పవు. సగటున త్వరగానే చేరుతున్నాయన్న ఓదార్పు వీరిలో ఎవరికీ కూడు పెట్టదు.

విశ్వసనీయతను కొలుస్తున్నామని చెప్పుకునే చోట సైతం ఆ కొలత ఎలా సాగుతున్నదో పరిశీలించడం అవసరం. గడియారం ఎప్పుడు మొదలైందన్నది మొదటి అంశం. ఖాతాదారు సరకు అప్పగించిన క్షణం నుంచి లెక్కించాలా, వాహనం కదిలిన క్షణం నుంచా? గిడ్డంగిలో మూడు రోజులు పడి ఉన్న పార్శిల్, లారీ ఎక్కిన తరువాత ఒక్కరోజులో చేరితే అది ‘ఒక్కరోజు బట్వాడా’ అయిపోదు. గడియారం ఎక్కడ ఆగుతుందన్నది రెండవ అంశం. సరకు ఊరి గోదాముకు చేరడం వేరు, ఇంటి గుమ్మానికి చేరడం వేరు. మూడవది అన్నిటికన్నా గడుసైనది. ఆలస్యమవుతుందని తెలియగానే చేరవలసిన తేదీని ముందుకు జరిపి, ఆ కొత్త తేదీకి అందించి సకాలంలో చేర్చామనడం. ఇంట్లో మనిషి ఉండగానే ‘తలుపు తాళం వేసి ఉన్నది’ అని రాసుకుని వెళ్ళిపోవడం దీనికి తోబుట్టువు. ఇక నాలుగవది, దారిలో పోయిన సరకును అసలు లెక్కలోకే తీసుకోకపోవడం. చేరినవాటిలో ఎన్ని వేళకు చేరాయన్న లెక్కలో, ఎన్నటికీ చేరనివాటికి చోటుండదు. అన్నిటికన్నా పెద్ద ఆలస్యం అలా అంకెల్లోంచి మాయమవుతుంది.

నిజాయితీగా కొలవడం మొదలుపెడితే అంకె తగ్గుతుందన్న భయమే ఇందుకు మూలం. రైల్వేల అనుభవం దీనికి మంచి ఉదాహరణ. రైళ్ళ రాకపోకల వేళలను స్టేషన్లలో చేతితో నమోదు చేసే పద్ధతి స్థానే ముఖ్యమైన కూడళ్ళలో యంత్రాలు వాటంతటవే నమోదు చేసే ఏర్పాటు 2018లో అమలులోకి వచ్చినప్పుడు, సమయపాలన శాతం పడిపోయింది. కొలత పద్ధతి మారడం అందుకు ఒక కారణమని అప్పట్లో రైల్వే మంత్రిత్వశాఖే వివరణ ఇచ్చుకుంది. ఆ మేరకు అంతకు ముందటి అంకెలు వాస్తవం కన్నా మెరుగ్గా కనిపించాయని అర్థం. అంకె తగ్గిందని విమర్శకు గురైనా, యంత్రానికి ఆ పని అప్పగించడం సరైన నిర్ణయం.

రైళ్ళ సమయపాలనపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ సమర్పించిన నివేదిక మరికొన్ని చేదు నిజాలను బయటపెట్టింది. 2008 నుంచి 2019 వరకు మౌలిక సదుపాయాలపై రెండున్నర లక్షల కోట్ల రూపాయలు వెచ్చించినా, మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ళ సమయపాలన 2012-13లో ఉన్న 79 శాతం నుంచి 2018-19 నాటికి 69.23 శాతానికి దిగజారింది. పైగా రైలు చివరి స్టేషనుకు వేళకు చేరిందా అన్నదే లెక్క. మధ్య స్టేషన్లలో దిగే ప్రయాణికుల గోడు ఆ కొలతకు అందదు. చివరి మజిలీకి ముందు టైంటేబుల్‌లో అదనపు నిమిషాలు కలిపితే, దారి పొడవునా ఆలస్యంగా నడిచిన బండి కూడా చివర్లో వేళ పాటించినట్లే కనబడుతుంది.

ప్రయాణికుల బండ్లకు ఆ మాత్రం కొలతైనా ఉన్నది. గూడ్సు బండ్ల విషయంలో పరిస్థితి మరీ దయనీయం. 2024-25 సంవత్సరంలో మన రైల్వేలు 160 కోట్ల టన్నులకు పైగా సరకు మోశాయి. రైల్వేల రాబడిలో సింహభాగం సరకుల నుంచి వచ్చేదే. అయినా మామూలు మార్గాల్లో నడిచే గూడ్సు బండ్లలో అత్యధిక భాగానికి ప్రకటిత టైంటేబుల్ అంటూ లేదు. ప్రయాణికుల బండి వస్తున్నదంటే అవి పక్క లైనులో ఒదిగి నిలబడవలసిందే. బొగ్గుకు, ఇనుప ఖనిజానికి ఇది చెల్లవచ్చు. విలువైన సరకు, త్వరగా పాడయ్యే సరకు మాత్రం కిరాయి ఎక్కువైనా రోడ్డెక్కుతున్నది. పంజాబులోని లూధియానా నుంచి బీహారులోని సోన్‌నగర్ వరకు 1,337 కిలోమీటర్ల తూర్పు కారిడార్‌ను, దాద్రీ నుంచి జవహర్‌లాల్ నెహ్రూ రేవు వరకు 1,506 కిలోమీటర్ల పశ్చిమ కారిడార్‌ను సరకు రవాణాకే ప్రత్యేకించడం ఈ దుస్థితిని మార్చే ఉద్దేశంతోనే. ఆ పట్టాల ఫలితాన్ని బండ్ల సగటు వేగంతోనే కాక, ప్రకటించిన వేళకు చేరిన బండ్ల సంఖ్యతో కూడా బేరీజు వేసినప్పుడే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

సరకు సాధారణంగా ఒక్క చేతి మీదుగా పోదు. ఊరినుంచి గోదాముకు, గోదాము నుంచి రేవుకు, రేవులో కస్టమ్స్ తనిఖీకి, అక్కడి నుంచి ఓడకు, ఓడ దిగాక మళ్ళీ రోడ్డుకు, ఇలా చేతులు మారుతూ సాగుతుంది. అయిదు మజిలీలుండి ఒక్కొక్కటి నూటికి 95 సార్లు వేళకు పని పూర్తిచేస్తున్నదని అనుకుందాం. విడివిడిగా చూస్తే అందరూ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులే. కానీ అయిదింటిలోనూ ఎక్కడా ఆగకుండా బయటపడే సరకు నూటికి 77 మాత్రమే. ఏ ఒక్క మజిలీ వారినీ తప్పుపట్టలేం, అయినా నాలుగింట దాదాపు ఒక వంతు సరకు ఎక్కడో ఒకచోట ఆగిపోతున్నది. శాఖలవారీగా ఎవరి లెక్క వారు చూపించుకుంటున్నంత కాలం ఈ నష్టం ఎవరి ఖాతాలోనూ పడదు. కనుక మొదటి చేయి నుంచి చివరి చేయి వరకు కలిపి కొలవడం తప్పనిసరి.

అలా కొలిస్తే ప్రయోజనం ఉంటుందా అన్న సందేహానికి విశాఖపట్నం రేవు సమాధానం చెబుతున్నది. కంటైనర్లకు రేడియో తరంగాలతో గుర్తించే బిళ్ళలు తగిలించి, అవి ఏ ఘడియలో ఎక్కడున్నదీ కనిపెట్టే ఏర్పాటు 2016లో జవహర్‌లాల్ నెహ్రూ రేవులో మొదలై క్రమంగా ఇతర రేవులకు విస్తరించింది. సరకు జాడ తెలుసుకునే విధానం వచ్చాక విశాఖ రేవులో సరకు నిలిచి ఉండే కాలం 2015లో 32.4 రోజుల నుంచి 2019 నాటికి 5.3 రోజులకు తగ్గిందని ప్రపంచ బ్యాంకు 2023లో ప్రచురించిన లాజిస్టిక్స్ నివేదిక ప్రత్యేకంగా పేర్కొన్నది. 139 దేశాల జాబితాలో భారత్ 38వ స్థానానికి చేరినట్లు తెలిపిన నివేదిక అదే. 2018లో మన స్థానం 44. నేపాల్‌కు వెళ్ళే సరకుకు కోల్‌కతాతోపాటు విశాఖ రేవు కూడా ద్వారం గనుక, ఇక్కడి జాప్యం తగ్గితే ఆ మేలు హిమాలయ సానువుల దాకా పాకుతుంది. జాప్యం ఎక్కడ జరుగుతున్నదో కళ్ళకు కట్టినట్లు కనిపిస్తే, దాన్ని సరిదిద్దకుండా తప్పించుకోవడం ఎవరికైనా కష్టమే.

సముద్ర రవాణాలో ఇటువంటి కొలత ఇప్పటికే వ్యాపారుల నిత్య వ్యవహారంలో భాగమైంది. ప్రకటించిన తేదీకి ఒకరోజు అటూ ఇటూగా చేరిన ఓడనే వేళకు వచ్చినట్లు పరిగణించి, డెన్మార్క్‌కు చెందిన సీ-ఇంటెలిజెన్స్ సంస్థ ప్రతినెలా లెక్కలు ప్రకటిస్తున్నది. 2019లో నూటికి 78 ఓడలు వేళ పాటించగా, కరోనా కల్లోలంలో రేవులు కిక్కిరిసిన 2021లో ఆ సంఖ్య 36కు పడిపోయింది. ఎర్ర సముద్రంలో నౌకలపై దాడులు మొదలయ్యాక 2024లో సగానికి అటూ ఇటూగా కొట్టుమిట్టాడింది. ఈ లెక్క కట్టేది ఓడలు నడిపే కంపెనీలు కావన్నది ఇందులో కీలకం. తన పరీక్ష పేపరు తానే దిద్దుకునే విద్యార్థి తప్పడం ఎక్కడైనా చూశామా?

మనకు తపాలా చట్టాన్ని వారసత్వంగా ఇచ్చిన బ్రిటన్ ఈ విషయంలో మరింత ముందుకు పోయింది. అక్కడ ఫస్ట్ క్లాస్ ఉత్తరాల్లో నూటికి 93 మరునాటికే చేరాలన్నది రాయల్ మెయిల్‌కు విధించిన లక్ష్యం. 2024-25లో అది 77 శాతమే సాధించింది. దరిమిలా అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2025 అక్టోబరులో 2.1 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. అంతకు ముందు 2023లో 56 లక్షలు, 2024లో 1.05 కోట్ల పౌండ్లు వేసింది. ఏటికేడు జరిమానా పెరుగుతున్నా సేవ ఆ స్థాయిలో మెరుగుపడలేదన్నది నిజమే. కానీ వైఫల్యం ఎంతో దేశమంతటికీ అంకెలతో సహా తెలుస్తున్నది. 2025లోనే ఆఫ్‌కామ్ మరునాటి బట్వాడా లక్ష్యాన్ని 93 నుంచి 90 శాతానికి సడలిస్తూ, దానికొక కొత్త షరతు జతచేసింది. గడువు దాటిన ఉత్తరాలు ఎప్పటికో చేరితే సరిపోదు, నూటికి 99 ఉత్తరాలు రెండు రోజులకు మించని ఆలస్యంతో చేరి తీరాలన్నది ఆ షరతు. మన బస్తాల లెక్కలో వ్యాపారిని ముంచినది పది రోజులు పట్టిన ఆ ఒక్క లోడే కదా. ఆ చివరి లోడును పట్టుకునే కొలత ఇది.

మన చట్టాలు ఇందుకు భిన్నమైన దారిలో నడుస్తున్నాయి. ఉత్తరం పోయినా, ఆలస్యమైనా ప్రత్యేకంగా బాధ్యత స్వీకరిస్తే తప్ప ప్రభుత్వానిది పూచీ కాదని 1898 నాటి తపాలా చట్టం చెప్పింది. దాని స్థానంలో పార్లమెంటు 2023లో ఆమోదించిన కొత్త చట్టంలోనూ ఆ రక్షణ సారాంశంలో కొనసాగింది. ఆలస్యంవల్ల సరకు పాడైందని యజమాని రుజువు చేసినా, ఆ ఆలస్యం తమ నిర్లక్ష్యం లేకుండా జరిగిందని నిరూపించుకుంటే రైల్వేకు బాధ్యత లేదని 1989 రైల్వే చట్టంలోని 95వ సెక్షన్ అంటున్నది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులో విలీనమైపోయింది. కోర్టు నోటీసు, ఉద్యోగపు ఇంటర్వ్యూ పిలుపు, బ్యాంకు పత్రం అన్నీ ఇప్పుడు ఆ సంచిలోనే ప్రయాణిస్తున్నాయి. ఇంటర్వ్యూ ముగిసిన మరునాడు అందిన పిలుపును ‘బట్వాడా అయినది’ అన్న గడిలో రాసుకోవడానికి తపాలా శాఖకు అభ్యంతరం ఉండకపోవచ్చు. ఆ నిరుద్యోగికి మాత్రం అది అందనట్లే లెక్క.

ప్రభుత్వానికి గడువు అనే మాట తెలియదని అనుకోవడానికి వీల్లేదు. వస్తుసేవల పన్ను కింద సరకు వెంట ఉండవలసిన ఈ-వే బిల్లుకు 2021 జనవరి 1 నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒకరోజు చొప్పున కాలపరిమితి విధించారు. గడువు దాటిన బిల్లుతో లారీ పట్టుబడితే జరిమానా తప్పదు. అంటే, పన్ను వసూలు చేసే ప్రభుత్వానికి సరకు ఎన్నాళ్ళలో చేరాలో కచ్చితంగా తెలుసు. సరకు తాలూకు యజమానికి అదే కచ్చితత్వాన్ని హామీగా ఇచ్చే నిబంధన మాత్రం లేదు! ఈ-వే బిల్లుల వివరాలు, టోల్‌గేట్ల వద్ద ఫాస్టాగ్ నమోదు చేసే వేళలు, కంటైనర్ల జాడలు అన్నీ ప్రభుత్వ కంప్యూటర్లలో పోగుపడి ఉన్నాయి. ఏ మార్గంలో ఎన్ని లారీలు ఎంతకాలంలో చేరుతున్నదీ, ఎక్కడ ఎంతసేపు ఆగుతున్నదీ వాటినుంచి తేల్చడం అసాధ్యమేమీ కాదు. రాష్ట్రాల పనితీరుకు ర్యాంకులిచ్చేటప్పుడు ప్రధానంగా వినియోగదారుల అభిప్రాయ సేకరణపై ఆధారపడే కన్నా, నమోదైన వేళలనే ప్రమాణంగా తీసుకోవడం ఉత్తమం.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరమే. కొలత కొరడాగా మారితే దెబ్బ తగిలేది అట్టడుగున పనిచేసేవాడికి. పది నిమిషాల్లో ఇంటికి సరకులన్న ప్రకటనల మోజులో, నగరాల్లో కుర్రాళ్ళు ఎర్రదీపాలను లెక్కచేయక ద్విచక్ర వాహనాలపై పరుగులు తీయడం చూశాం. వేళ తప్పితే ఆ భారమంతా బండి నడిపే మనిషి నెత్తిన పడడం ఏమాత్రం న్యాయం కాదు. లారీ డ్రైవరు నిద్ర మానుకుని గడువు అందుకుంటే అది విశ్వసనీయత అనిపించుకోదు. పది నిమిషాలని చెప్పి ఒకనాడు ఎనిమిదింట, మరొకనాడు నలభైయింట చేర్చే సంస్థ కన్నా, ముప్పయి నిమిషాలని చెప్పి ముప్పయికే చేర్చే సంస్థ నమ్మదగినది. నెరవేర్చగల మాట ఇవ్వడం యాజమాన్యం బాధ్యత. ఆ మాట ఎంతవరకు నిలిచిందో తేల్చడం కొలత పని.

కనుక ఈ దిశలో కేంద్రం చేపట్టవలసినవి కష్టసాధ్యమైన చర్యలేమీ కావు. ఖాతాదారుకు మొదట చెప్పిన తేదీనే ప్రమాణంగా తీసుకోవాలనీ, తరువాత మార్చిన తేదీలు చెల్లవనీ నిబంధన చేయాలి. సరకు అప్పగించిన క్షణం నుంచి గుమ్మంలో అందిన క్షణం వరకు కాలాన్ని లెక్కించాలి. పోయిన, పాడైన, కొరతపడిన సరకును కూడా వేళ తప్పిన ఖాతాలోనే వేయాలి. సగటుతోపాటు నూటికి 95, 99 సరకులు ఎన్ని రోజుల్లోగా చేరాయో మార్గాలవారీగా ప్రకటించాలి. ఈ లెక్కలు కట్టే పని రవాణా చేసేవారితో సంబంధం లేని సంస్థకు అప్పగించి, మూడు నెలలకొకసారి బహిరంగపరచాలి. ప్రైవేటు సంస్థలతోపాటు రైల్వేలకు, తపాలాకు కూడా ఇదే నియమం వర్తించాలి. గడువు తప్పినప్పుడు ఖాతాదారు కాళ్ళరిగేలా తిరగకుండానే కిరాయిలో కొంత వాపసు వచ్చే ఏర్పాటు ఉండాలి.

ఈ చర్యలవల్ల మొదట్లో అంకెలు అందవిహీనంగా కనిపించవచ్చు. 2018లో రైల్వేలకు ఎదురైన అనుభవమే ఇతర శాఖలకూ ఎదురుకావచ్చు. రోగి వేడిని దాచిపెట్టే జ్వరమాని వల్ల వైద్యుడికీ ఉపయోగం లేదు, రోగికీ లేదు. కొత్త పట్టాలకు, రహదారులకు, రేవులకు లక్షల కోట్లు వెచ్చిస్తున్న దేశం, వాటి మీదుగా సాగే సరకు చెప్పిన రోజుకు చేరుతున్నదో లేదో తెలుసుకోవడానికి అందులో పిసరంత ఖర్చు చేయలేకపోదు. ఆ లెక్క బయటపడిన నాడు, ఏ సంస్థకు సరకు అప్పగించాలో చిన్న వ్యాపారి తనకు తానే నిర్ణయించుకోగలుగుతాడు. అప్పటిదాకా రవాణా శాఖల సగటు అంకెలు పెరుగుతూనే ఉంటాయి, అతని గిడ్డంగిలో ఆ 116 బస్తాలూ కదలకుండా పడి ఉంటాయి.